ఆర్గ్యుమెంట్ల పేర్లు దండగ కాదు

సంపాదకులకు నమస్కారం.

కంపైలర్ల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం బాగుంది, ఒక్క మాట తప్ప. ప్రోగ్రామ్ కంపైల్ అయ్యాక, అంటే మెషీన్ నడిపే రూపంలోకి మారాక, ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి మనం ఇచ్చే విలువల) పేర్లు దండగ, ఎన్ని ఆర్గ్యుమెంట్లో చెప్పే అంకె ఉంటే చాలన్నారు. ఏళ్ల తరబడి స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను, నాకు ఆ అంకె ఎప్పుడూ చాలలేదు.

వేరేవాళ్ల లైబ్రరీ వాడేటప్పుడు చాలాసార్లు సోర్స్ కోడ్ చేతిలో ఉండదు, కంపైల్ అయిన ఫైలే ఉంటుంది. స్కీమ్‌ను నడిపే గైల్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాంప్ట్ దగ్గర ఫంక్షన్ పేరు కొడితే పక్కనే ఆర్గ్యుమెంట్ల పేర్లూ కనిపిస్తాయి. కాపీ చేసే ఫంక్షన్‌కి ‘సోర్స్, డెస్టినేషన్’ అని ఉంటే ఏది ముందివ్వాలో తెలిసిపోతుంది. ఉత్త ‘2’ అని ఉంటే? తారుమారైతే పోయేది మన ఫైలే కదా!

పైగా స్కీమ్‌లో ఆ అంకె కూడా ఒకటే ఉండదు. తప్పనిసరిగా ఇవ్వాల్సినవి వేరు, ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేనివి వేరు, మిగిలినవన్నీ ఒక లిస్టులో పోగయ్యేది వేరు. ఆర్గ్యుమెంట్ల సంఖ్యను బట్టి వేర్వేరు కోడ్ నడిపించే కేస్-లాంబ్డాతో రాస్తే ఒకే ఫంక్షన్‌కి రెండు మూడు రూపాలుంటాయి, ఒక్కోదానికీ విడి రికార్డు కావాలి. ఇక కీవర్డ్ ఆర్గ్యుమెంట్ల (పేరు చెప్పి ఇచ్చేవాటి) పేర్లయితే తీసేయడానికే లేదు, కాల్ నడిచేదే వాటి మీద.

వ్యాసకర్త టెన్షన్ అంతా ఆ పేర్లు మెమరీ తినేస్తాయని. గైల్‌లో ఆ భయం అక్కర్లేదు. 2017లో విడుదలైన గైల్ 2.2 నుంచి కంపైల్ అయిన ఫైలు ఈఎల్ఎఫ్ అనే, సెక్షన్లుగా విడదీసిన ఫార్మాట్‌లో ఉంటుంది. ఆర్గ్యుమెంట్ల వివరాలకు అందులో ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. రికార్డులు కోడ్ అడ్రస్ వరుసలో ఉంటాయి కాబట్టి బైనరీ సెర్చ్‌తో (ప్రతిసారీ సగం వదిలేస్తూ) వెతుక్కోవచ్చు. పేర్లు స్ట్రింగ్ టేబుల్ అనే వేరే పట్టికలో ఉంటాయి, ఈ సెక్షన్‌లో రాసేది ఆఫ్‌సెట్ (పేరు అక్కడ ఎక్కడుందో చెప్పే అంకె) మాత్రమే. ఫైలును ఎమ్‌మ్యాప్ చేస్తారు (అవసరమైన ముక్కలే డిస్క్ నుంచి వచ్చేలా జోడిస్తారు) కనుక, ఎవరైనా అడిగేదాకా ఆ పేజీలు మామూలుగా మెమరీలోకే రావు. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ వాటిని చదవడమూ ఉండదు.

డిస్క్ మీద కొంత చోటు పడుతుంది, కాదనను. చిన్న పరికరాల్లో అదీ భారమైతే, కావాలన్నవాళ్లు మానేసుకునేలా కంపైలర్‌లో ఒక ఆప్షన్ పెడితే సరి. కానీ అడక్కుండానే తీసేయడం న్యాయం కాదు.

తర్వాతి భాగంలో ఎర్రర్ మెసేజ్‌ల గురించి రాస్తామన్నారు. ‘ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పు’ అన్న మెసేజ్‌ని ఆ పేర్లతో ఒకసారి, లేకుండా ఒకసారి అచ్చువేసి చూపించమని మనవి.

— ఒక స్కీమ్ ప్రోగ్రామర్