తనేయెవ్ గురించి ఒక సవరణ, కొన్ని మాటలు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో టాల్‌స్టాయ్ దాంపత్య జీవితంపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో సెర్గేయ్ తనేయెవ్ అనే రష్యన్ సంగీతకారుడి ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగిసింది. ఆయన టాల్‌స్టాయ్ భార్య సోఫియా మనసును ఆకట్టుకున్నాడని మొదటి వాక్యం, ఆ అసూయలోంచే ‘క్రూట్జర్ సొనాటా’ పుట్టిందని రెండోది. ఈ రెండోది తేదీల ముందే నిలవదు. ఆ నవలిక 1889 నాటికే పూర్తయింది. తనేయెవ్ టాల్‌స్టాయ్ ఎస్టేటు యాస్నయా పొల్యానాలో వేసవి గడిపినది 1895, 1896 సంవత్సరాల్లో. 1895 ఫిబ్రవరిలో ఏడేళ్లయినా నిండని కొడుకు వానిచ్కాను పోగొట్టుకున్న ఆ తల్లికి ఆయన పియానో వాదనలో ఊరట దొరికింది. ఆమె అభిమానం ఎంత గాఢమైనదో, భర్త దానికి ఎంత నొచ్చుకున్నాడో ఆమె దినచర్యలే చెబుతాయి. తనేయెవ్ మాత్రం, పెళ్లి మాట తలపెట్టక, ముసలి దాది పెలగేయా సంరక్షణలో, మద్యం ముట్టకుండా, తన పనే లోకంగా బతికిన మనిషి.

సోవియట్ కాలపు అనువాదాల పుణ్యమా అని టాల్‌స్టాయ్ మన ఇళ్లలో మనిషే అయిపోయాడు. తనేయెవ్‌కు ఆ భాగ్యం లేదు. అందుకే ఆయన పేరు మనదాకా వచ్చినప్పుడల్లా ఈ ఇంటి గొడవను వెంటబెట్టుకుని వస్తోంది. ఆయన మీద ఇంతకంటే పెద్ద అన్యాయం ఉండదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1856లో వ్లదీమిర్ పట్టణంలో పుట్టిన తనేయెవ్, పదేళ్లు నిండకముందే, అప్పుడే తెరిచిన మాస్కో కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, చేరి, పియానో నికొలాయ్ రూబిన్‌స్టెయిన్ దగ్గర, స్వరరచన చైకోవ్‌స్కీ దగ్గర నేర్చుకున్నాడు. 1875లో వాదనకూ రచనకూ కలిపి బంగారు పతకం అందుకుని బయటికొచ్చాడు. చైకోవ్‌స్కీ మొదటి పియానో కంచెర్టోను, అంటే పియానోకూ వాద్యబృందానికీ కలిపి రాసిన రచనను, మాస్కోలో తొలిసారి వాయించింది పంతొమ్మిదేళ్ల ఈ శిష్యుడే. మూడేళ్ల తర్వాత గురువు ఉద్యోగం వదులుకున్నప్పుడు ఆ పాఠాలూ ఇతనికే వచ్చాయి. 1885 నుంచి 1889 వరకు కన్సర్వేటరీ డైరెక్టరుగానూ పనిచేశాడు. చైకోవ్‌స్కీ తన కొత్త రచనలను మొదట ఇతనికి చూపి, మొహమాటం లేని అభిప్రాయం అడిగి తెలుసుకునేవాడు. నాలుగో సింఫనీలో కొన్ని భాగాలు బ్యాలే సంగీతంలా ఉన్నాయని శిష్యుడు రాసి పంపితే గురువు నొచ్చుకున్నాడు, తన పక్షం వివరంగా రాశాడు, స్నేహం మాత్రం చెడలేదు. గురువు పోయాక, ఆయన అసంపూర్ణంగా వదిలిన పియానో రచనను పూర్తిచేసి, వాద్యబృందానికి అమర్చింది కూడా తనేయెవే.

ఆయన శిష్యుల పట్టిక చూస్తే మరో విశేషం కనిపిస్తుంది. రఖ్మానినోవ్, స్క్రియాబిన్, మెట్నర్, గ్లియేర్: ఒకరి సంగీతం మరొకరి సంగీతంలా ఉండదు, ఎవరిదీ తనేయెవ్ సంగీతంలానూ ఉండదు. గురువు ముద్ర శిష్యుల మీద కనబడకపోవడాన్ని లోపంగా చూసేవారు ఉండవచ్చు. నా దృష్టిలో అది ఆయన అధ్యాపకత్వానికి దక్కిన పెద్ద మెప్పు. ఆయన చెప్పిన కౌంటర్‌పాయింట్, అంటే రెండు మూడు స్వతంత్రమైన బాణీలను ఏకకాలంలో నడిపే విద్య, ఎవరి శైలికైనా పునాదిగా పనికొచ్చేది. దాని మీద ఇరవై ఏళ్ల శ్రమతో రాసిన గ్రంథం 1909లో అచ్చయింది. జోడుగా నడిచే బాణీల్లో ఒకదాన్ని పైకో కిందికో జరిపినా, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టినా ఆ పొందిక చెడకుండా ఉండాలంటే ఏ నియమాలు పాటించాలి అన్నది అందులోని ప్రశ్న. దీనికోసం ఆయన స్వరాంతరాల, అంటే రెండు స్వరాల మధ్య దూరాల, లెక్కను ఒకటితో కాక సున్నాతో మొదలుపెట్టాడు. ఒకే స్వరానికి సున్నా, పక్క స్వరానికి ఒకటి అనుకుంటే అంతరాలను మామూలు బీజగణితంలా కూడవచ్చు, తీసివేయవచ్చు. చూడడానికి చిన్న మార్పు, దాంతో చిక్కుముడులెన్నో విడిపోయాయి.

ఈ గ్రంథమే ఆయనకు ‘పొడి పండితుడు’ అన్న పేరూ తెచ్చింది. ఆ పేరు నిజమో కాదో తెలుసుకోవాలంటే 1911 నాటి పియానో క్వింటెట్ (పియానోకూ నాలుగు తంత్రీవాద్యాలకూ రాసిన రచన) మూడో భాగాన్ని వినాలి. అందులో కింది స్థాయిలో ఒక అవరోహణ, మెట్టు మెట్టుగా దిగివచ్చి మళ్లీ మొదటికి చేరుతూ, చివరిదాకా తిరుగుతూనే ఉంటుంది. దాని మీద తంత్రీవాద్యాలూ పియానో కలిసి కొత్త మాట మాట్లాడుతూ పోతాయి. ఇంత కట్టుదిట్టమైన నిర్మాణంలో ఇంత ఆర్ద్రత ఎలా ఇమిడిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. నికొలాయ్ రూబిన్‌స్టెయిన్ స్మృతికి అంకితమిచ్చిన ‘జాన్ ఆఫ్ డమాస్కస్’ బృందగానమూ అలాంటిదే. దాని సాహిత్యం టాల్‌స్టాయ్‌దే, అయితే ఈయన కవి అలెక్సేయ్ టాల్‌స్టాయ్. మరోసారి పొరపాటు పడకుండా ఈ మాట చెబుతున్నాను.

1905లో డైరెక్టర్ సఫోనోవ్ నిరంకుశ ధోరణికి నిరసనగా తనేయెవ్ కన్సర్వేటరీ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. తిరిగి రమ్మని ఎందరు కోరినా వెళ్లలేదు. పాఠాలు మాత్రం ఆపలేదు. ఇంటికొచ్చిన శిష్యుల దగ్గర డబ్బు తీసుకోలేదు. 1915 వసంతంలో శిష్యుడు స్క్రియాబిన్ అంత్యక్రియలకు వెళ్లి జలుబు చేసి, అది ముదిరి, ఆ జూన్‌లో జ్వెనిగొరొద్ దగ్గరి ద్యూద్‌కొవొ గ్రామంలో కన్నుమూశాడు. ఆ సందర్భంలో రఖ్మానినోవ్ పత్రికకు రాసిన లేఖలో, ఎలా బతకాలో, ఎలా ఆలోచించాలో, ఎలా పనిచేయాలో, చివరికి ఎలా మాట్లాడాలో కూడా ఆయన తన నడవడితోనే తమకు నేర్పాడన్నాడు.

‘క్రూట్జర్ సొనాటా’ పుట్టుక గురించిన సవరణను వచ్చే ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే ఆ పేజీలోనే తనేయెవ్ సంగీతం మీద, ముఖ్యంగా కొద్దిమంది వాద్యకారుల కోసం ఆయన రాసిన వాద్యగోష్ఠి (ఛాంబర్) రచనల మీద, తెలిసినవారితో ఒక వ్యాసం రాయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్