మా కొండ మీది పొణికి గురించి అటవీ శాఖ మంత్రిగారికి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలండీ. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి నుంచి రాస్తున్నాను. బొమ్మలు చేసేవాణ్ణి. హస్తకళల వాళ్ళకు రాయాల్సిన ఉత్తరం దారి తప్పి మీకొచ్చిందనుకోకండి. మా కష్టం తెల్ల పొణికి కర్రతో, ఆ చెట్టేమో మీ అడవిలో ఉంది.

చూసేవాళ్ళు రంగులనే మెచ్చుకుంటారు. పని తెలిసినవాడు ముందు కర్ర చూస్తాడు. పొణికి తేలిక, మెత్తన. పచ్చికర్రను సన్నని సెగ మీద కాచి తడి లాగేస్తాం. తల, చేతులు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, ఎండాక మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతాం. తాడిచెట్టు ఎక్కే గీతగాడి బొమ్మకు చెయ్యి అగ్గిపుల్లకు కాస్త లావు, అంతే. వేరే కర్రతో ఒకసారి ప్రయత్నించాను. మూడింట్లో రెండు బొమ్మలకు చేతులు చిట్లిపోయాయి.

ఈ బొమ్మలు చేసే మా కులంవాళ్ళు, ఆర్యక్షత్రియులు, 16వ శతాబ్దంలో రాజస్థాన్ నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. ఈ కొండ మీద పొణికి కనబడబట్టే ఇక్కడ ఆగిపోయారని మా నాన్న అనేవాడు. నిజమో, ఆయన కల్పించాడో!

ఆయన రోజుల్లో కర్ర ఇంటి ముందుకే వచ్చేది. ఇప్పుడు ఎక్కడో దూరం నుంచి తెప్పించుకోవాలి. మొన్నామధ్య దారిలో బండి ఆపి కాగితాలు అడిగారు. ఆపినాయన్ని తప్పుపట్టను, ఆయన డ్యూటీ ఆయన చేశాడు. ఏ కాగితం తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళు మాత్రం లేరు. కర్ర ఇంటికి చేరేదాకా టెన్షనే.

అడవి నరకనివ్వమని అడగడం లేదండీ. చెట్లు తరగడంలో మా ఉలి పాపమూ ఉంది, ఒప్పుకుంటాను. నరికినంత నాటలేదు. పొణికి గింజ పెంకు గట్టిది, అంత సులువుగా మొలవదు. మేం పెరట్లో పాతి చూసే పని కాదది. మీ నర్సరీల్లో మొలిపించి కొండపల్లి అడవిలోనే నాటించండి, కాపలా మా ఇళ్ళవాళ్ళం ఉంటాం. అవి ఎదిగేదాకా, గుర్తింపు కార్డున్న కళాకారులకు మీ కలప డిపోలో ఇంత అని కొలిచి కర్ర ఇప్పించండి. రసీదు కూడా ఇస్తే దారిలో ఎవరికైనా చూపించుకుంటాం.

2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ఏటికొప్పాక బొమ్మలు వెళ్ళినప్పుడు మా వీధంతా టీవీ ముందే ఉంది. వాళ్ళకు అంకుడు కర్ర, మాకు పొణికి. తెలంగాణలో నిర్మల్ వాళ్ళదీ పొణికే. మా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది, వేరే చోట చేసినవాటికి ఈ పేరు పెట్టకూడదు. ఊరి పేరు చట్టం కాపాడుతోంది గానీ చెట్టును ఎవరు కాపాడతారు?

మా మనవడు తిరగలి విసరడం ఎప్పుడూ చూడలేదు. చల్ల చిలికే కవ్వమూ వాడికి బొమ్మలోనే తెలుసు. అయినా ఎడ్లబండి చక్రం నాకంటే గుండ్రంగా చెక్కుతాడు. ఇప్పుడింట్లో ఉన్న కర్ర దసరా కొలువు ఆర్డర్లకు సరిపోతుంది. సంక్రాంతి ఆర్డర్లు కార్తీకం నుంచే మొదలవుతాయి. ఒప్పుకోవాలో వద్దో మీ జవాబు చూసుకుని చెబుతానని షాపు వాళ్ళతో అన్నాను.

ఇట్లు,
కొండపల్లి బొమ్మల కళాకారుడు