ఆఖరి భాగంలో 16 పేజీలు లేవు, పుస్తకం మార్చి ఇవ్వండి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: పేజీలు తప్పిన నవలను వెనక్కి తీసుకోవడానికి మీ సంస్థ నిరాకరించడం గురించి.

అయ్యా,

నేను హనుమకొండ జిల్లాలో, పరకాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు టీచర్‌ని. మా పిల్లలు మొదటి నుంచీ చదువుతున్న ఫాంటసీ నవలల సిరీస్‌లో ఆఖరి భాగాన్ని మీ సైట్‌లో కొన్నాను. 480 పేజీల పుస్తకం. 432వ పేజీ దాకా బాగానే ఉంది. 433 రావాల్సిన చోట మళ్లీ 417 మొదలై, 432 దాకా రెండోసారి వచ్చి, దాని వెంటనే 449 ఉంది. మధ్యలో 16 పేజీలు లేనే లేవు.

హనుమకొండలో బైండింగ్ పని చేసే ఒకాయనకు చూపిస్తే, తిరగేసి "ఫారం తప్పింది మేడం" అన్నాడు. పెద్ద కాగితం మీద 16 పేజీలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం అవుతుంది. ఫారాలను వరుసగా పేర్చేటప్పుడు ఒకటి రెండుసార్లు పడి, పక్కది జారిపోయింది. ఏ ప్రెస్సులోనైనా జరగొచ్చు, దాని మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదంతా ఆ తర్వాత మీ వాళ్లు నాతో మాట్లాడిన తీరు మీదే.

డెలివరీ అయిన ఏడు రోజుల్లోపే రిటర్న్ ఉంటుందని, గడువు దాటిపోయిందని ఫోన్‌లో చెప్పారు. షర్టు సైజు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఏడు రోజులు చాలు. నవలను మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతారు. ఆఖరి భాగమైతే చివర ఏముందో ముందే కంటపడకూడదని వెనక పేజీలు తిరగేయను కూడా తిరగేయరు. అలాంటప్పుడు 433వ పేజీలో ఉన్న లోపం ఏడు రోజుల్లో ఎవరికి దొరుకుతుంది?

మా బడిలో పుస్తకం ఒకటే, చదివేవాళ్లు చాలామంది. పిల్లలే పేర్లు రాసుకుని వంతులు పెట్టుకున్నారు. మొదటి వంతు తొమ్మిదో తరగతి అమ్మాయిది. సాయంత్రం ఇంటి పని అయ్యాక చదువుతుంది, తెలియని మాటలకు అర్థాలు నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. పాఠ్యపుస్తకం కాకుండా ఇంగ్లిషులో తను చదివిన మొదటి కథ ఈ సిరీసే. ఆ పిల్ల చదివే వేగానికి మీ గడువులో సగం పుస్తకం కూడా కాదు. అయినా పట్టు విడవకుండా చదివి, ఒకరోజు స్టాఫ్ రూమ్‌కు వచ్చి అడిగింది: "మేడం, గీడికెల్లి మళ్ల ఎనుకటి పేజీలే అచ్చినయి. నడుమ ఏమైంది?"

432వ పేజీ చివర కోట తలుపులు తెరుచుకుంటాయి. 449వ పేజీ ఒకరి అంత్యక్రియలతో మొదలవుతుంది. పోయింది ఎవరు, చంపింది ఎవరు, మొదటి భాగం నుంచి దాచుకుంటూ వచ్చిన రహస్యం ఏమిటి, అన్నీ ఆ తప్పిన ఫారంలోనే ఉన్నాయి. ఇది చెబితే మీ ప్రతినిధి ఏమన్నారో తెలుసా? కథ సారాంశం ఇంటర్నెట్‌లో ఉంటుంది, చదివి పిల్లలకు చెప్పండి అన్నారు. పైగా వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు.

ఈ మాట నన్ను చాలా బాధపెట్టింది. మా దగ్గర ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ వినడానికి కూర్చున్నవాళ్లకు కథ ముందే తెలుసు, అయినా చివరిదాకా లేవరు. ఇక కథే తెలియని పిల్లలకు, ఇన్ని భాగాలు కష్టపడి చదువుకుంటూ వచ్చాక, ముగింపును నాలుగు ముక్కల్లో నేను ఎట్లా చెప్పేది? చెప్పను. ముగింపు విలువ పుస్తకాలు అమ్మే మీకు తెలియనిది కాదు. 2007 జూలై 21న హ్యారీ పాటర్ ఏడో పుస్తకం, ఆ సిరీస్‌లో ఆఖరిది, విడుదలైంది. దానికి ముందే పేజీల ఫోటోలు ఇంటర్నెట్‌లోకి పొక్కాయి. కొందరికి పుస్తకాలు ముందే చేరిపోతే, పంపిన వ్యాపారుల మీద అమెరికాలో కేసు కూడా వేశారు. ముగింపును పాఠకుడు తనంతట తాను చదివి తెలుసుకోవాలని అంత కట్టడి. మా పిల్లలూ అదే పుస్తకాల లోకంలో పాఠకులు.

చట్టం కూడా నా వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. "అమ్మింది మేము కాదు, విక్రేత వేరు" అని తప్పుకుంటే ఆ విక్రేత పేరు, చిరునామా నాకు ఇవ్వాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

నాకు డబ్బు వాపసు వద్దు, కూపన్ వద్దు. అదే ముద్రణలో, మా దగ్గరున్న మిగతా భాగాల సైజులోనే, పేజీలన్నీ ఉన్న పుస్తకం కావాలి. పాత పుస్తకాన్ని మీ ఖర్చుతో తీసుకెళ్లండి. అచ్చు లోపాలకు ఏడు రోజుల గడువు వర్తించదని మీ సైట్‌లో రాయండి, ఎందుకంటే ఇదే ముద్రణ కొన్న ఇంకెవరో ఇప్పుడు ఏ వందో పేజీలోనో ఉండి ఉంటారు.

బతుకమ్మ, దసరా సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లేలోపు పుస్తకం చేరాలి. బిల్లు, 432, 417, 449 పేజీల ఫోటోలు జతచేశాను. కొత్త పుస్తకాన్ని ప్యాక్ చేసే ముందు ఎవరైనా ఒకరు 432వ పేజీ తిప్పి, తర్వాత 433 ఉందని కళ్లతో చూసి పంపండి.

ఇట్లు,
ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు,
పరకాల, హనుమకొండ జిల్లా