పాప్ వార్నర్ కోచింగ్ కథ

ప్రియమైన రవీ,

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ పాప్ వార్నర్ గురించి రాయమన్నావుగా. మొదలెడితే ఆపడం కష్టం, కాస్త ఓపిక పట్టు.

అసలు పేరు గ్లెన్ వార్నర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తోటివాళ్లకంటే పెద్దవాడని 'పాప్' అనేవాళ్లు. 1894లో లా పట్టా చేతికొచ్చింది, 1895కల్లా జార్జియా విశ్వవిద్యాలయంలో కోచ్. ఆ లాయరు బుర్ర చివరిదాకా పనిచేసింది. రూల్‌బుక్ దేన్ని కాదనలేదో వెతికి పట్టేవాడు. 1903లో కార్లైల్ స్కూలు కోచ్‌గా, హార్వర్డ్‌తో ఆటకు ముందు దర్జీతో జెర్సీలో ఎలాస్టిక్ కుట్టించాడు. రెండో హాఫ్ మొదట్లో ఎదుటివాళ్లు తన్నిన బంతి అందగానే కుర్రాళ్లంతా మూగి, చార్లీ డిల్లన్ వీపు మీద జెర్సీలోకి బంతి దోపేశారు. రెండు చేతులూ ఖాళీగా పరిగెడుతున్నవాడిని ఎవరు ఆపుతారు? బంతితో అవతలి గీత దాటేశాడు, టచ్‌డౌన్! ఆట మాత్రం 12–11తో హార్వర్డ్‌దే.

కానీ అతని గొప్పంతా సింగిల్ వింగ్ అనే ఆటగాళ్ల మోహరింపులో ఉంది. ముందు వరుసలో, బంతి వెనక్కి అందించే సెంటర్‌కి ఎడమన ఇద్దరు, కుడిన నలుగురు. కుడి చివరివాడికి అవతల, గజం వెనగ్గా వింగ్‌బ్యాక్. బంతి నేరుగా నాలుగైదు గజాల వెనకుండి బంతితో పరిగెత్తే టైల్‌బ్యాక్‌కి వస్తుంది, క్వార్టర్‌బ్యాక్‌కి ముఖ్యంగా అడ్డుకునే పనే. కుడి ఎండ్ (ఆ చివరివాడు), వింగ్‌బ్యాక్ కలిసి ఎదుటి వరుసలో టాకిల్ అనే ఆటగాడి మీద పడతారు. సెంటర్ పక్కనుండే ఎడమ గార్డ్ లైన్ వదిలి వెనగ్గా వచ్చి ఆ సందులోకి దారి తీస్తాడు. ఒక్కడి మీద ఇద్దరు పడతారు కాబట్టి బరువు తక్కువ కుర్రాళ్లు కూడా భారీ మనుషుల్ని జరిపేస్తారు.

తేడా కొట్టేది స్నాప్ దగ్గర, అంటే సెంటర్ బంతిని వెనక్కి విసిరే చోట. బంతి టైల్‌బ్యాక్ నిలబడ్డ చోటికి కాకుండా అతను వెళ్లబోయే వైపు, అడుగు ముందుకి రావాలి. ఒంటిమీదకే వస్తే వేగం చచ్చిపోతుంది, సందు మూసుకుపోతుంది. పైగా తల వంచి విసిరే సెంటర్ లేచేలోగా ఎదుటివాడు మీద పడతాడు. గార్డ్ ఆలస్యమైతే సరేసరి. ప్రత్యర్థులు కుడికి ఒరిగిపోతే మందు ఒకటే: వింగ్‌బ్యాక్‌కి బంతి అందించి ఎడమకి తిప్పడం.

ఇదంతా పండింది పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో. అమెరికా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాన్పించిన బోర్డింగ్ స్కూలది. ఆ పిల్లలే 1907లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26–6తో ఓడించారు. ఫార్వర్డ్ పాస్ (బంతిని ముందుకి విసరడం) చట్టబద్ధమై అప్పటికి ఏడాదే, చాలా జట్లకి అదంటే జంకు. వీళ్లు బంతిని గిర్రున తిప్పి దూరంగా విసిరారు. 1911లో వీళ్ల ఆటగాడు జిమ్ థోర్ప్ గోల్ స్తంభాల మధ్యకి బంతి తన్ని కొట్టిన నాలుగు ఫీల్డ్ గోల్స్‌తో హార్వర్డ్ 18–15తో ఓడింది. మరుసటేడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆడిన ఆర్మీ జట్టు 27–6తో మట్టికరిచింది.

వార్నర్‌ని పొగిడేవాళ్లు ఒకటి దాటేస్తారు, అది నాకు నచ్చదు. 1914లో అమెరికా కాంగ్రెస్ విచారణలో, ఆ ఆటగాళ్లే అతని బూతుల మీద, కఠినత్వం మీద గోడు వెళ్లబోసుకున్నారు. ఆటల నిధి ఖర్చు మీదా ప్రశ్నలు లేచాయి. ఆ ఏడాదితో కార్లైల్ వదిలాడు, 1918లో స్కూలే మూతపడింది. అతని ఎత్తులకి ప్రాణం పోసింది ఆ పిల్లల కాళ్లూ తెలివీ అని నా గట్టి నమ్మకం.

తర్వాత పిట్స్‌బర్గ్, అక్కడ మొదటి మూడేళ్లు ఓటమే లేదు. 1924 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో రెండు వైపులా వింగ్‌బ్యాక్‌లతో డబుల్ వింగ్. 1938 దాకా టెంపుల్ విశ్వవిద్యాలయంలో చేసి మానేశాడు.

డబుల్ వింగ్ బొమ్మలు గీసి ఇంకో ఉత్తరంలో పంపుతాను. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
మూర్తి