కనుమ మర్నాటి పులుసు

చిత్తూరు,
కనుమ మర్నాడు, మద్యాన్నం

అమ్మీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేస్తే రెండు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేకపోయినా. నాయనకు కోపమొచ్చిందేమో అనుకోనుంటావు. కోపమేం లేదు, నడుము లేదు, అంతే. పండగకు సెలవియ్యని మీ ఆఫీసోళ్లను లోపల నాలుగు తిట్టుకున్నా గానీ నిన్నేమీ అనలా.

ఇల్లిప్పుడు ఖాళీ. మీ అత్తోళ్లు పొద్దన్నే తిరుపతి బస్సెక్కినారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు గదా, అందుకే నిన్న ఉండిపోయినారు. మీ చిన్నాయనకు ఆ సామెత పట్టదు. చెయ్యి కడిగిన తడి ఆరకముందే కారు తీసి బెంగుళూరు దోవ పట్టినాడు.

మీ అమ్మ చేతికట్టు ఇంకా ఇప్పలేదని నీకు తెలుసు. కుడిచెయ్యి ఆయె. ఈసారి పండగ వంట నాది అని నేనే అన్నా. ముప్పై ఏండ్లు బస్సు తోలినోణ్ని, పొయ్యి తోలలేనా అని. "తోలు, చూద్దాం" అనింది. అని ఊరకుందా, కుర్చీ తెప్పించుకోని వంటింటి గడపకాడ ఏసుకోని కూచునింది, టిక్కెట్లు కొట్టే కండక్టరు మాదిరి.

భోగి, పెద్దపండగ ఎట్లో జరిగిపోయినాయి. పెద్దలకు పెట్టినప్పుడు పొంగలి అడుగు పట్టింది. మీ అవ్వ ఫోటో ముందర పైపైది తీసి పెట్టినా, ఆమె ఏమీ అనలా.

అసలు పని పితికిపప్పుతో. మార్కెట్లో అనపకాయలు మంచుకు బాగా ఊరినాయి, సంచి విప్పితే ఇల్లంతా వాసన. అయిదు కేజీలు తెచ్చినా. వలిస్తే గింజలు రెండు కేజీలు కూడా తేలలా. రాత్రి నీళ్లలో ఏస్తే తెల్లారేసరికి తోలు ఉబ్బి వదులైపోతాది గదా, అప్పుడు బొటనవేలుకీ చూపుడువేలుకీ నడాన పెట్టి వొత్తితే పప్పు చటుక్కున ఎగిరి గిన్నెలో పడాల. నావి గిన్నెలో పడలా. ఒకటి అలమర కిందికి, ఒకటి మీ అమ్మ ఒళ్లోకి. మీ అత్త కొడుకు చిన్నోడు మాత్రం నాకన్నా జోరుగా పితికినాడు. వాడి పక్కన నువ్వు కూచోవాల్సిన చోటు ఖాళీగానే ఉండె. గంటన్నర పట్టింది. వేలికొనలు ఇప్పటికీ అనపవాసనే, సబ్బుకు పోలా.

కనుమ నాడు పద్నాలుగు మందిమి. కోస్తావాళ్లు కనుమకు మినుము తినాలంటారు గానీ మనకు అలసంద వడ, నాటుకోడి పులుసు లేకపోతే అది కనుమే కాదు. రెండు కోళ్లు కోయించినా. పులుసు బాగనే కుదిరింది, మీ అమ్మ గడపకాడి నుంచి ముక్కుతోనే ఉప్పు చెప్పింది. సంగటికాడ పట్టుబడినా. గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్లు, బియ్యం మెత్తబడినాక రెండు గ్లాసుల రాగిపిండి, అంతవరకూ సరే. పిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో ఒక బొక్క పెట్టి, మూతేసి, సన్నసెగ మీద పది నిమిషాలు కదిలీకుండా ఇడిచిపెట్టాలంట. నేను పోసిన ఎంబడే కెలికినా. గోలీల మాదిరి ఉండలు, లోపలంతా పచ్చిపిండి! మీ మామ ఒకటి చిదిమి చూసి, "బావా, ఇది సంగటా, లడ్డా?" అన్నాడు. రెండోసారి చేసింది కుదిరింది. ఈ సంగతి మీ అత్త నీకు ముందే చెప్పేసి ఉంటాది.

అందరికీ వడ్డించి ఆఖర్న నేను కూచున్నా. ముద్ద నోటికి పోలా. పొద్దన్నించీ ఆ వాసనలోనే ఉన్నానేమో, ఆకలి చచ్చిపోయింది. మజ్జిగ తాగి లేస్తా ఉంటే మీ అమ్మ నా మొగం చూసి నవ్వింది. "ఏందే?" అంటే, "ఏంలే" అనింది.

ఈ పొద్దు తిన్నాం చూడు, ఇద్దరమూ. నిన్న మిగిలిన సంగటి ముద్దలు రాత్రే నీళ్లలో ఏసిపెట్టింటిమి. పొద్దన్న పిసికి, పులిసిన మజ్జిగ పోసి, ఎర్రగడ్డ కొరుక్కుంటా తాగినాం. మద్యాన్నానికి కోడిపులుసు. నిన్నటికన్నా ఈ పొద్దే రుచి, రాత్రంతా ఉప్పూ కారమూ ముక్కలోకి దిగుంటాది గదా. సన్నమంట మీద నీళ్లు ఇంకి నూనె పైకి తేలేదాకా పెట్టినా. అరవోళ్లు సుండ కొళంబు అంటారే, అదే. 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నోళ్లం, ఆ అరవ పొత్తు పొయ్యికాడ ఎట్ల పోతాది? వడలు రాళ్లైపోయింటే ఆ పులుసులోనే నాన్చినా, దూది మాదిరైనాయి. ఎడమచేత్తో తినలేక మీ అమ్మ స్పూను పట్టుకునింది గానీ, ఆఖరికి గిన్నె నేను పట్టుకుంటే అడుగు గీకి తినింది.

పితికిపప్పు పులుసు మాత్రం టెంకాయ రుబ్బి పోసింది, నిలవుండదు. నిన్న చల్లారిన ఎంబడే ఫ్రిజ్జిలో పెట్టినా, ఈ రాత్రికి దోసెల్లోకి అయిపోవాల. నీకు పంపేదానికి కుదరలా, దానికే బాధ. ఇంగో నాలుగు రోజులు కాయ దొరుకుతాది, నువ్వొచ్చే శనివారానికి మళ్లీ తెస్తా. ఈసారి నువ్వే పితకాల.

మీ అత్త పక్కింటోళ్ల పిల్లోడు ఎల్లుండి హైదరాబాదు వస్తాండాడు. వాడి చేత అరిసెలు, నిప్పట్లు, చింతపండు పులిహోర ముద్ద పంపిస్తాండా. ముద్దను పొడి గంటెతోనే తియ్యి, తడి తగిలితే బూజు పడతాది. అన్నం వార్చి చల్లార్చినాక కలుపు.

పోయిన సారి పంపిన స్టీలు డబ్బా, మూత పచ్చరంగుది, తిరిగి రాలేదని మీ అమ్మ రెండుసార్లు చెప్పమనింది. మరిచిపోవాకు.

ఇట్లు,
మీ నాయన