మీ పెన్‌డ్రైవు గురించి ఆరోసారి చేస్తున్న ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

నమస్కారములు. గత వైశాఖంలో మీ కంపెనీ 128 జీబీ పెన్‌డ్రైవులు పది కొన్నాను. తెనాలిలోని మా స్టూడియో తీసిన ఒక పెళ్లి వీడియో, 18 జీబీల ఒకే ఫైలు, వాటిలో దేనిలోకీ ఎక్కలేదు. పెన్‌డ్రైవు సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను. దాని గురించి అడిగిన పాపానికి మీవారు నన్ను పెట్టిన తిప్పల గురించే ఈ లేఖ.

మొదటిసారి ఫోను ఎత్తిన అమ్మాయి డిస్కు నిండిపోయి ఉంటుందనీ, పాత ఫైళ్లు తీసేయమనీ చెప్పింది. అప్పుడే ప్యాకెట్ విప్పిన పెన్‌డ్రైవులో పాత ఫైళ్లు ఎక్కడివమ్మా అని అడిగితే, "అయినా ఒకసారి తీసేసి చూడండి సార్" అంది. రెండో ఆయన వైరస్ అన్నారు. మూడో ఆయన మా కంప్యూటర్‌ను తప్పుపట్టారు. నాలుగోసారి మాట్లాడినవారు సరుకును నా ఖర్చుతో కొరియర్‌లో పంపమన్నారు. మూడు వారాల తరువాత బదులుగా వచ్చినది అచ్చం పాతదాని కవల. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త టికెట్ నంబరు ఇవ్వడం, కథంతా మొదటి నుంచి చెప్పించుకోవడం, 48 గంటల్లో పిలుస్తామని పెట్టేయడం మీకు ఆనవాయితీ. మీ 48 గంటలు గడిచేలోగా ఆ కొత్త కోడలు ఆషాఢానికి పుట్టింటికి వెళ్లి, శ్రావణంలో తిరిగి కూడా వచ్చింది. నాకు మాత్రం మీనుంచి "మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి" అనే సందేశం వచ్చింది.

మీ ఐదుగురు ప్రతినిధులు చెప్పలేనిది మా వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్ కుర్రవాడు టీ తాగినంత సేపట్లో చెప్పాడు. మీ సరుకు ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తోందట. 1996 నాటి ఆ పద్ధతిలో ఫైలు పరిమాణం రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉన్నందున, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీకి ఒక బైటు తక్కువ దాటిన ఫైలు అందులో పట్టదట. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతిలోకి మారిస్తే ఫైలు ఎక్కింది కానీ పెళ్లికూతురి తండ్రిగారి పాత టీవీ పెన్‌డ్రైవును గుర్తించలేదు. సెవెన్‌జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైలును ముక్కలు చేస్తే అతికించడానికి ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు. చివరకు వీడియోను ఐదు భాగాలుగా మళ్లీ రెండర్ చేసి, ఫ్యాట్32లోనే ఇచ్చాను. జీలకర్ర బెల్లం ఒక ఫైలులో, మాంగల్యధారణ మరొక ఫైలులో పడ్డాయి. దానికి ఆయన చేత మాటలు పడినది నేను, మీరు కాదు.

2009 నుంచి మా దగ్గరకు వచ్చిన ప్రతి పెళ్లివారికీ మీ పేరే చెప్పాను. డబ్బు నాకు ముఖ్యం కాదు. కాదన్నానని పది పెన్‌డ్రైవుల సొమ్మూ, కొరియర్ ఖర్చూ తిరిగి ఇవ్వడం మానకండి. ఈ పరిమితి సంగతి పెట్టె మీద ఒక్క వాక్యంలో అచ్చు వేయించండి. పదిహేను రోజుల్లో, పేరూ హోదా ఉన్న ఒక మనిషి సంతకంతో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కూ, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. లేఖ అందిందని దానంతట అదే వచ్చే మీ ఈమెయిల్‌ను జవాబు కింద లెక్కించను.

ఇట్లు,
తెనాలి స్టూడియో యజమాని