తలకిందులు కావడానికి గోడ చాలు

సంపాదకులు గారికి,

జూన్ 21, యోగా దినోత్సవం వచ్చిందంటే పత్రికల్లో శీర్షాసనం ఫొటో ఖాయం. అది చూసి ‘మనవల్ల కాదులే’ అని పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. మిగిలిన కొద్దిమంది ఆ ఉదయమే ప్రయత్నించి మెడ మీదికి తెచ్చుకుంటారు.

విపరీత ఆసనాలంటే, అంటే తలకిందులుగా వేసేవంటే, శీర్షాసనం ఒక్కటే కాదు. నేను చేసేది గోడకు కాళ్లు ఆనించి పడుకోవడం, అంతే. రోజంతా నిలబడే ఉద్యోగం నాది. సాయంత్రం సాక్సు విప్పితే కాళ్లు వాచి చీలమండ చుట్టూ ఎలాస్టిక్ గాడి పడి ఉండేది. గుండె, మూత్రపిండాలు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాను. పిరుదులు గోడకు ఆనేలా జరిగి కాళ్లు పైకి చాపి పది నిమిషాలు ఉంటే, ముందు అరికాళ్లలో చీమలు పాకినట్టుంటుంది, తర్వాత బరువు దిగిపోతుంది.

ఇందులో మాయేమీ లేదు. కాళ్లలో రక్తం పైకి రావాలంటే పిక్క కండరాలు పిండాలి, సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వకూడదు. కాళ్లు ఎత్తిపెడితే ఆ పని భూమ్యాకర్షణే చేసిపెడుతుంది. గుండెకు చేరే రక్తం పెరిగితే, మెడ ధమనుల దగ్గరుండే నాడులు పసిగట్టి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఆసనంలో వచ్చే నెమ్మదికి అదొక కారణం. మెదడుకు రక్తం వరదలా పారి తెలివి పెరుగుతుందంటే మాత్రం నమ్మను. మెదడు తనకెంత కావాలో అంతే రానిస్తుంది.

కంటి సంగతి వేరు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. గ్లకోమా, రెటీనా సమస్య, అదుపులో లేని బీపీ, మెడ డిస్కు నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. గోడ ఆసనానికైనా వాళ్లు డాక్టర్ని అడగాల్సిందే.

పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక కూడా తల కింద, కాళ్లు పైన ఉంచే విపరీత కరణిని మొదటిరోజు క్షణకాలమే చేయమంది, రోజురోజుకూ కొంచెం పెంచమంది. ఆరు నెలల్లో ముడతలు, నెరిసిన జుట్టు పోతాయనీ అంది. నా జుట్టు మటుకు ఆ మాట వినలేదు.

యోగా దినోత్సవానికి ఆయుష్ శాఖ ఇచ్చిన ఉమ్మడి అభ్యాసక్రమంలో శీర్షాసనమే లేదు. మరి పిల్లల్ని వేదికెక్కించి వరుసగా అదే వేయించడం ఎందుకో నిర్వాహకులే చెప్పాలి. ఈసారి మీ పత్రికైనా గోడకు కాళ్లు చాపి పడుకున్న మామూలు మనిషి ఫొటో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు